హామ్‌స్టర్ గూటిలో ఏమి పరవాలి: పొట్టు, ఊక, దూది, కాగితం

కాకినాడ_అమ్మ:

నమస్కారం. మా అబ్బాయి పదో పుట్టినరోజుకు వాడి మేనమామ ఒక సిరియన్ హామ్‌స్టర్‌ను (ఎలుకను పోలిన చిన్న పెంపుడు ప్రాణి) తెచ్చి ఇచ్చాడు. పంజరంతో పాటు దుకాణంవారు ఒక సంచి బెడ్డింగ్, అంటే అడుగున పరిచే సరుకు, కూడా ఇచ్చారు. అది గులాబీ రంగు అద్దిన చెక్కపొట్టు, సంచి విప్పితే గదంతా నిమ్మవాసన. మొదటి రోజు ఆ వాసన మాకు బాగానే అనిపించింది. మూడో రోజు నుంచి ఆ ప్రాణి తుమ్ముతోంది, నిన్న ఉదయం దాని ఎడమ కంటి చుట్టూ తడి కనిపించింది, రాత్రిళ్లు పంజరం ఊచలు పట్టుకుని ఒకటే కొరుకుడు. పంజరం అడుగు పళ్లెం లోతు లేకపోవడంతో పొట్టును రెండు వేళ్ల మందానికి మించి పరచలేకపోయాము.

ఇప్పుడు ఇంట్లో మూడు అభిప్రాయాలు నడుస్తున్నాయి. వీధి చివర సామిల్లులో పొట్టు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి అదే తెస్తానని మావారు అంటున్నారు. తలగడలు కుట్టగా మిగిలిన బూరుగు దూది ఉంది కదా, మెత్తగా అది పెట్టమని మా అత్తగారు అంటున్నారు. మా అబ్బాయి కాగితపు బెడ్డింగే కావాలని పట్టుబట్టాడు, దాని ధర చూసి నేను ఆగిపోయాను. వీటిలో ఏది మంచిదో, ఎందుకు మంచిదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పశువైద్య_విద్యార్థి:

కాకినాడ_అమ్మ గారూ, ముందుగా ఆ గులాబీ పొట్టును ఈ పూటే తీసివేయండి. రంగు, వాసన, లోషన్ ఏవీ లేని తెల్లని టిష్యూ కాగితాన్ని పేలికలుగా చింపి, పళ్లెం నిండేటంత పరిచి, మంచి బెడ్డింగ్ దొరికేదాకా దానితో గడపండి. రెండు మూడు రోజుల్లో తుమ్ములు తగ్గకపోయినా, ఊపిరి తీసేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించినా, కన్ను అతుక్కుపోయినా, తిండి మానినా ఆలస్యం చేయకుండా చిన్న జంతువులను చూసే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. నూట యాభై గ్రాముల ప్రాణిలో జబ్బు ముదరడానికి ఎక్కువ సమయం పట్టదు. నేను ఇంకా చదువుకుంటున్నవాడిని, కనుక నా మాట వైద్యుని మాటకు బదులు కాదు.

సువాసన కలిపిన బెడ్డింగ్ కొనేవారి ముక్కును ఉద్దేశించి తయారైనదే తప్ప హామ్‌స్టర్ కోసం కాదు. మనం ఆ వాసనను ఆరడుగుల ఎత్తు నుంచి ఒక్క క్షణం పీలుస్తాము, అది మాత్రం రోజంతా అందులో ముక్కు దూర్చి పడుకుంటుంది. పైగా హామ్‌స్టర్‌కు చూపు అంతంతమాత్రం. తన ఇల్లు తనదేనని వాసనతోనే గుర్తుపడుతుంది. సిరియన్ జాతికి రెండు పక్కలా నడుము దగ్గర నల్లని మచ్చల్లాంటి వాసన గ్రంథులు ఉంటాయి, వాటిని చూసి పుండ్లనుకుని కంగారు పడేవారు కూడా ఉన్నారు. వాటితో అది గుర్తు పెట్టుకున్న చోటంతా నిమ్మవాసన కమ్మేస్తే దానికి ఎక్కడున్నదీ తెలియదు.

ఇక చెక్క సంగతి. దేవదారు (సెడార్), పైన్ వంటి మెత్తని కలప జాతుల్లో గాలిలోకి తేలికగా ఎగిరే సుగంధ నూనెలు, ఆమ్లాలు ఉంటాయి. 1967లో ఎలియట్ వెసెల్ అనే శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఒక పరిశీలన ప్రచురించాడు. ఎర్ర సెడార్, పైన్ పొట్టు మీద పెంచిన ఎలుకల కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైములు పెరిగి, అవే ఎలుకలకు ఇచ్చిన నిద్రమందు త్వరగా దిగిపోయింది. బీచ్, బర్చ్, మేపుల్ వంటి గట్టి కలప పొట్టుతో ఆ మార్పు రాలేదు. ఆ ప్రయోగం హామ్‌స్టర్ల మీద చేసినది కాదనీ, ఎంజైములు పెరగడమంటే జబ్బు చేయడమని అర్థం కాదనీ నేను ఒప్పుకుంటాను. అయితే పడుకునే చోటు కాలేయం దాకా ప్రభావం చూపుతుందని తేలిన తరువాత, వేరే దారి ఉండగా ఆ చెక్కనే వాడవలసిన అవసరం నాకు కనిపించదు. బట్టీలో ఆరబెట్టిన పైన్‌లో ఆ నూనెలు చాలావరకు పోతాయి కాబట్టి కొందరు దానిని అంగీకరిస్తారు. సెడార్‌ను మాత్రం ఏ రూపంలోనూ వాడకూడదు.

చెక్కపని:

వడ్రంగం మా వంశవృత్తి కాబట్టి సామిల్లు పొట్టు గురించి నేను రెండు మాటలు చెబుతాను. సామిల్లులో రంపం కింద పడేది పొట్టు కాదు, ధూళి. దానిని గుప్పెట్లో తీసుకుని ఊదితే సగం గాలిలోకి లేస్తుంది. హామ్‌స్టర్ అందులో తవ్వితే ఆ లేచినదంతా దాని ముక్కులోకే పోతుంది. చిత్రిక పట్టినప్పుడు వచ్చే పలుచని చుట్టలు కొంత నయం, కానీ ఏ దుంగ నుంచి వచ్చాయో మిల్లువాడికే తెలియదు. టేకు, వేప, తుమ్మ, సరుగుడు అన్నీ ఒకే గోతిలో పడతాయి. టేకు ధూళి తగిలితే మా పనివాళ్లలోనే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ మధ్య చవకగా వచ్చే పైన్ చెక్కలో చాలా భాగం విదేశాల నుంచి సరుకులు మోసుకొచ్చిన పెట్టెలదీ, సరుకు కింద వేసే ప్యాలెట్లనే చెక్క బల్లలదీ. వాటిమీద ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసినదని, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువుతో పురుగు చంపినదని అర్థం. చిత్రిక పట్టాక ముద్ర ఎక్కడుంటుంది? ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కోస్తే వచ్చే పొడిలో అంటుజిగురు, ఫార్మాల్డిహైడ్ అనే ఘాటైన రసాయనం ఉంటాయి, అదీ అదే కుప్పలో కలుస్తుంది. మా కొట్టులో పొట్టు బస్తాలకొద్దీ ఉంది, అడిగితే పొయ్యిలోకి ఇస్తాను, మీ హామ్‌స్టర్‌కు మాత్రం ఇవ్వను.

సందేహాల_సుబ్బు:

చెక్కపని గారూ, ఏటికొప్పాక మా ఊరికి దగ్గరే. అక్కడ బొమ్మలు తిప్పే అంకుడు చెక్క మెత్తగా, తెల్లగా ఉంటుంది, వాసన కూడా రాదు. లేతు మీద నుంచి వచ్చే ఆ చుట్టలు పనికిరావా?

చెక్కపని:

అంకుడు పాలు కారే చెట్టు. ఎండిన చెక్కలో ఆ పాల అంశం ఏమి మిగులుతుందో, చిన్న ప్రాణికి పడుతుందో పడదో ఎవరూ పరీక్షించి చెప్పినట్లు నేను వినలేదు. పైగా లేతు మీదనే లక్క రంగు ఎక్కిస్తారు కాబట్టి చుట్టల్లో లక్క ముక్కలు కలిసే ఉంటాయి. బొమ్మ మంచిదైనంత మాత్రాన దాని పొట్టు మంచిదని చెప్పలేము.

కోళ్లఫారం:

ఇంత చర్చ దేనికో నాకు అర్థం కావడం లేదు. మా షెడ్డులో కోడిపిల్లలకు వరి ఊక రెండు మూడు అంగుళాలు పరుస్తాము. తడి పీలుస్తుంది, చవక, రైసుమిల్లు దగ్గర కావలసినంత దొరుకుతుంది. వేల పిల్లలు దానిమీదే పెరుగుతున్నాయి. ఒక్క ఎలుకపిల్లకు సరిపోదా?

పశువైద్య_విద్యార్థి:

కోళ్లఫారం గారూ, మీ అనుభవాన్ని కాదనడం లేదు, కానీ కోడికీ హామ్‌స్టర్‌కూ బెడ్డింగ్‌తో ఉన్న సంబంధమే వేరు. కోడి ఊక మీద నిలబడుతుంది. హామ్‌స్టర్ ఊకలోకి దూరుతుంది, అందులో నిద్రపోతుంది, దొరికినదల్లా దవడ సంచుల్లో కుక్కుకుని మోసుకుపోతుంది. ఆ సంచులు భుజాల దాకా సాగే పలుచని తిత్తులు. వరి ఊకలో సిలికా ఎక్కువ, అంచులు గరుకు, కొసలు వాడి. మీరు ఒక గుప్పెడు ఊకను అరచేతుల మధ్య రుద్ది చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది. ఆ సంచి లోపల గీరుకుని చీము పడితే మత్తు ఇచ్చి శుభ్రం చేయవలసి వస్తుంది. ఊకలో బూజు పొడి, మిల్లు దుమ్ము ఉండటం కూడా మామూలే. వరిగడ్డి విషయంలోనూ నా సమాధానం ఇదే, దాని తుంపులు కంట్లో గుచ్చుకుంటాయి.

కోళ్లఫారం:

అరచేతుల మధ్య రుద్ది చూశాను. సరే, ఊక మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తడి పీల్చే విషయంలో దానికి సాటి లేదని మాత్రం ఇప్పటికీ అంటాను.

రాత్రిపిట్ట:

దూది సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు, అందుకే నేను రాస్తున్నాను. మూడేళ్ల క్రితం నా మొదటి హామ్‌స్టర్‌కు చలికాలంలో వెచ్చగా ఉంటుందని, సంచి మీద హామ్‌స్టర్ బొమ్మతోనే అమ్మిన రంగురంగుల దూది పెట్టాను. ఒకరోజు ఉదయం అది వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. చూస్తే కంటికి సరిగా కనిపించని ఒక పోగు చీలమండ చుట్టూ నాలుగైదు చుట్లు బిగిసింది, పాదం ఊదా రంగుకు తిరిగింది. పోగును కత్తిరించడానికి వైద్యుడికి అరగంట పట్టింది, అయినా పాదం నిలవలేదు. మిగిలిన ఏడాదిన్నర అది మూడు కాళ్లతోనే బ్రతికింది.

దూది పోగు మనిషి చేతికి మెత్తనే, కానీ తెగదు, కరగదు. కాలికి చుట్టుకుంటే రక్తం ఆగుతుంది, మింగితే పేగులో అడ్డుపడుతుంది, దవడ సంచిలో పెట్టుకుంటే ముద్దగా ఇరుక్కుంటుంది. టిష్యూ కాగితమైతే తడి తగలగానే విడిపోతుంది. హామ్‌స్టర్ గూడు కట్టుకోవడానికి దానికంటే మంచిది అవసరం లేదు. ఒక పేలిక అందించి చూడండి, అది రెండు చేతులతో పట్టుకుని, మడిచి మడిచి దవడలో పెట్టుకుని వెళ్లిపోయే తీరు చూసి మీ అబ్బాయి ఆ పూట చదువు మానేస్తాడు.

కాకినాడ_అమ్మ:

మీ హామ్‌స్టర్ గురించి చదివి మనసు కలుక్కుమంది. మీ మాటలు మా అత్తగారికి చదివి వినిపించాను. బూరుగు దూది పోగు పొట్టిగా ఉంటుంది, తేలికగా తెగుతుంది అని ఆవిడ వాదన. దానికి ఏమైనా సమాధానం ఉందా?

పశువైద్య_విద్యార్థి:

ఆవిడ పరిశీలన నిజమే. బూరుగు పోగు పత్తి పోగు కంటే పొట్టిది, పెళుసుది, అందుకే దానితో నూలు వడకడం కష్టం. కొన్ని దేశాల్లో దానిని గూటి సామగ్రిగా అమ్ముతారు కూడా. కానీ మీ ఇంట్లో ఉన్నది తలగడ కోసం ఏకినది, అందులో పత్తి కలిసిందో లేదో చెప్పలేము, గింజ పొడి, దుమ్ము సరేసరి. పది రూపాయల టిష్యూ పని చేసే చోట అంత అనుమానం దేనికని అత్తగారికి నా నమస్కారాలతో చెప్పండి.

బెర్న్_బాబాయి:

ఇంతవరకు అందరూ ఏమి పరచాలనే మాట్లాడారు, ఎంత మందాన పరచాలనే ప్రశ్న మిగిలిపోయింది. కాకినాడ_అమ్మ గారి మొదటి సందేశంలో నన్ను పట్టి ఆపినది తుమ్ము కాదు, ఆ ఊచలు కొరకడం.

ఈ జాతిని 1839లోనే శాస్త్రీయంగా వర్ణించినా, పెంపకానికి వచ్చినది 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఒక పొలంలో నేల తవ్వి పట్టుకున్న తల్లీపిల్లల నుంచే. ఆ ప్రాంతంలో ఇప్పటికీ అడవి హామ్‌స్టర్లు ఉన్నాయి. వాటి బొరియలను తవ్వి కొలిచిన పరిశోధకులకు సగటు లోతు 65 సెంటీమీటర్లు, కొన్నిచోట్ల మీటరు పైన తేలింది. అంటే ఎండ, చలి, గద్ద అందనంత కిందికి పోయి, అక్కడ పడక గది, ధాన్యపు గది విడివిడిగా కట్టుకునే జీవి ఇది. దానికి రెండు వేళ్ల పొట్టు ఇవ్వడమంటే ఇల్లు అడిగినవాడికి చాప ఇవ్వడమే.

నేను ఉంటున్న ఊరు, స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలోనే దీనిపై ఒక పరిశోధన జరిగి 2006లో ప్రచురితమైంది. హామ్‌స్టర్లను 10, 40, 80 సెంటీమీటర్ల బెడ్డింగ్ మందంలో మూడు గుంపులుగా ఉంచి చూశారు. పది సెంటీమీటర్ల గుంపు ఊచలను గణనీయంగా ఎక్కువ కొరికింది, చక్రం మీద పరుగు కూడా ఎక్కువే. 80 సెంటీమీటర్ల గుంపులో ఊచలు కొరకడం అసలు కనిపించలేదు. చక్రం తిప్పుతోంది కాబట్టి హుషారుగా ఉందని మనం మురిసిపోతాము, చాలాసార్లు అది తవ్వడానికి చోటులేక తిరిగే తిరుగుడు. ఇంట్లో 80 సెంటీమీటర్లు సాధ్యం కాకపోవచ్చు, కానీ సిరియన్ హామ్‌స్టర్‌కు కనీసం ఒక జానెడు, అంటే 20 నుంచి 25 సెంటీమీటర్లు, వీలైతే ఒక పక్కన 30 ఇవ్వకుండా ఎంత మంచి సరుకు కొన్నా సగం ఫలితమే. దానికి ఊచల పంజరం పనికిరాదు, పాత చేపల గాజుతొట్టె కావాలి.

సందేహాల_సుబ్బు:

బెర్న్‌లో మంచు పడుతుంది బాబాయి గారూ. కాకినాడలో మే నెలలో గదిలోనే 36 డిగ్రీలు ఉంటుంది, ఆ పైన ఉక్క. గాజుతొట్టెలో జానెడు కాగితం కప్పి ప్రాణిని లోపల పెడితే ఉడికిపోదా?

విశాఖ_ఉప్పుగాలి:

సుబ్బు గారి సందేహం తోసిపుచ్చదగినది కాదు. సముద్రపు ఒడ్డున రెండు హామ్‌స్టర్లను పెంచిన అనుభవంతో చెబుతున్నాను. నిజమైన నేలలో లోతుకు పోయేకొద్దీ చల్లబడుతుంది, మన తొట్టెలోని కాగితం మాత్రం గది వేడినే పట్టుకుంటుంది. అందువల్ల బెడ్డింగ్ తగ్గించడం కాక, గదిని చల్లబరచడమే ఉపాయం. హామ్‌స్టర్‌కు 20 నుంచి 24 డిగ్రీలు హాయి, ముప్పై దాటితే వడదెబ్బ భయం మొదలవుతుంది. ఏసీ లేని ఇంట్లో తొట్టెను కిటికీ ఎండకు దూరంగా, నేల మీద, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో పెట్టాలి. తొట్టెలో సగం ఎత్తుగా, సగం పలుచగా పరిచి, పలుచని వైపు ఒక గ్రానైట్ పలక, ఒక చిన్న మట్టి ముంత బోర్లించి పెడితే, వేడి ఎక్కువైనప్పుడు అదే బయటికి వచ్చి పలక మీద పొట్ట ఆనించి చాపుకుని పడుకుంటుంది. గడ్డకట్టిన నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి తొట్టె బయట గాజుకు ఆనించవచ్చు. బెడ్డింగ్ మీద నీళ్లు చిలకరించడం, తొట్టె ముందు కూలర్ పెట్టడం మాత్రం వద్దు. మన తీరప్రాంతంలో గాలిలో ఉన్న తేమ చాలక మళ్లీ తేమ ఎక్కిస్తే నాలుగో రోజుకు అడుగున నల్లబూజు వస్తుంది.

బూజు విషయంలో ఇంకో ఇద్దరు దోషులున్నారు. ఒకటి నీళ్ల సీసా, అది రాత్రంతా చుక్కచుక్కగా కారి ఆ మూలను ముద్దచేస్తుంది. సీసా కింద ఒక పెంకు పలక పెడితే సరిపోతుంది. రెండోది, అది బొరియలో దాచుకునే కీరదోస ముక్క. గింజలు ఎన్ని దాచుకున్నా ముట్టుకోకండి, పచ్చి కూరలు మాత్రం మర్నాడు వెతికి తీసివేయాలి.

కొబ్బరి పొట్టు గురించి ఎవరైనా అడుగుతారని ముందే చెబుతున్నాను. మన కోనసీమలో అది చవకే, కానీ ఎండినప్పుడు విపరీతమైన ధూళి, తడిసినప్పుడు బూజు, దానిలోని పొడవాటి పీచు రాత్రిపిట్ట గారు చెప్పిన దూది పోగు పనే చేస్తుంది. నేను ఆరు వారాలు వాడి మానేశాను.

బెజవాడ_ప్రెస్:

ధర గురించి అడిగారు కాబట్టి నా పద్ధతి చెబుతాను. మాది ముద్రణాలయాల ఊరు. పెద్ద యంత్రాల మీద న్యూస్‌ప్రింట్ చుట్ట పూర్తిగా అయిపోకముందే తీసివేస్తారు, చివర మిగిలే అచ్చు పడని తెల్లకాగితాన్ని కిలోల లెక్కన అమ్ముతారు. దానిని అరచేతి వెడల్పు ముక్కలుగా చింపి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పిండి, చేత్తో తునకలుగా నలిపి, మేడ మీద పలుచని గుడ్డ కింద రెండు మూడు రోజులు కరకరలాడేదాకా ఎండబెట్టి, మళ్లీ నలిపితే దూదిపింజల్లాంటి బెడ్డింగ్ తయారవుతుంది. కొన్నదానంత తెల్లగా ఉండదు, శ్రమ ఎక్కువ, కానీ ధూళి తక్కువ, తడి బాగా పీలుస్తుంది. లోపల ఏమాత్రం చెమ్మ మిగిలినా బూజు పట్టేస్తుంది కాబట్టి వానాకాలంలో నేను ఈ పని పెట్టుకోను.

చదివిన దినపత్రికలు వాడవచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. సిరాలో ఉండేవాటి కారణంగానే మనుషుల తిండిని పత్రికల్లో పొట్లం కట్టవద్దని దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో హెచ్చరించింది. దానిని కొరికి, దవడలో పెట్టుకునే జీవికి అది ఎలా సరిపోతుంది? ఆఫీసుల్లో యంత్రం తుంచిన కాగితపు రిబ్బన్లు కూడా వద్దు, అంచు చర్మం కోస్తుంది, తడి పీల్చదు, బొరియ నిలవదు.

డాలస్_నుంచి:

మా అమ్మాయి హామ్‌స్టర్‌కు మేము ఆస్పెన్ అనే గట్టి కలప చుట్టలనూ కాగితపు బెడ్డింగ్‌నూ కలిపి వాడుతున్నాము. ఇక్కడ రెండూ సులభంగా దొరుకుతాయి, అక్కడ ఆస్పెన్ దొరకకపోతే దాని కోసం వెతుక్కోనవసరం లేదు. నేను రాయాలనుకున్నది పరిమాణం గురించి. మూడడుగుల గాజుతొట్టె, అంటే 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్నదానిలో 25 సెంటీమీటర్ల మందం నింపడానికి సుమారు 100 లీటర్ల బెడ్డింగ్ పడుతుంది. ఒక పక్క 30, మరో పక్క 10 ఉండేలా వాలుగా పరిస్తే 80 లీటర్లతో సరిపోతుంది. సంచి మీద రాసిన లీటర్లు విప్పి పొంగించిన తరువాతవా, నొక్కిన స్థితిలోవా అని చూసుకోండి, నేను మొదటిసారి అక్కడే పప్పులో కాలేశాను.

నింపేటప్పుడు వదులుగా పోసి వదిలేయకూడదు. నాలుగు వేళ్ల మందం పోసి అరచేతులతో గట్టిగా నొక్కి, దానిమీద మెత్తని ఎండుగడ్డి పలుచగా పరిచి, మళ్లీ పోసి నొక్కాలి. గడ్డి పొరలు లేకపోతే సొరంగం తవ్విన వెంటనే కూలిపోతుంది, మా హామ్‌స్టర్ రెండు రోజులు తవ్వి తవ్వి అలిగి మూలన కూర్చుంది. కుందేళ్ల కోసం అమ్మే తిమోతి గడ్డిలో మెత్తనిది ఏరుకోవచ్చు, కాడలు గట్టిగా ఉన్నవి పక్కన పెట్టాలి.

ఒక మూలన పళ్లెంలో ఇసుక కూడా పెట్టండి. అది ఒళ్లు రుద్దుకోవడానికి, చాలా హామ్‌స్టర్లు మూత్రం అక్కడే పోస్తాయి కాబట్టి మిగతా బెడ్డింగ్ పొడిగా ఉంటుంది. ఇసుక వేరు, చిన్న జంతువుల కోసం అమ్మే స్నానపు పొడి వేరు. పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సందేహాల_సుబ్బు:

ఇసుక మన దగ్గర కొనాలా? గోదావరి పక్కన ఉండి?

విశాఖ_ఉప్పుగాలి:

నది ఇసుక పనికివస్తుంది. సన్న జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, మూకుడులో బాగా వేయించి చల్లార్చాలి. రాయి పిండిచేసి తీసే ఎం-శాండ్ వద్దు, దాని అంచులు పదును. సముద్రపు ఇసుక కూడా వద్దు, ఉప్పు, గవ్వపెంకు ఉంటాయి.

రాత్రిపిట్ట:

చీమల మాట మరచిపోయాము. బొరియలో గింజలు ఉన్న చోటికి చీమలు రాకుండా ఉండవు. తొట్టె చుట్టూ చీమల చాక్ గీయడం, బెడ్డింగ్‌లో కర్పూరం, కలరా ఉండలు వేయడం ప్రాణం తీసే పనులు. తొట్టెను పీట మీద పెట్టి, పీట కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచితే చాలు, మన పాతకాలపు పద్ధతే. అదే గదిలో సాంబ్రాణి, అగరువత్తి, దోమల చుట్ట కూడా వెలిగించకండి.

కాకినాడ_అమ్మ:

పీట కాళ్లకు నీళ్ల గిన్నెలనగానే మా అత్తగారు మీ పక్షానికి వచ్చేశారు. ఇప్పుడు చివరి ప్రశ్న. ఇంత మందాన పరిచాక ఎన్ని రోజులకొకసారి మార్చాలి? ప్రతి ఆదివారం మొత్తం తీసి కడగాలని దుకాణంవారు చెప్పారట.

పశువైద్య_విద్యార్థి:

రెండు వేళ్ల పొట్టులో వారానికే అమ్మోనియా కంపు కొడుతుంది కాబట్టి వారి లెక్క వారి పంజరానికి సరిపోతుంది. లోతైన తొట్టెలో ఆ లెక్క తప్పు. తడి మూలను, ఇసుక పళ్లెంలో ముద్దకట్టిన చోటును రెండు మూడు రోజులకొకసారి చిన్న గరిటెతో తీసి, తీసినంత కొత్తది వేయండి. నెలన్నర, రెండు నెలలకు ఒకసారి, వాసన చూసి, మూడో వంతు మార్చండి. మొత్తం ఒకేసారి తీసి కడిగితే అది కష్టపడి కట్టిన బొరియ, దాచిన గింజలు, తన వాసన అన్నీ ఒక్కపూటలో పోతాయి. ఆ రాత్రి అది పిచ్చిగా తిరుగుతూ ప్రతి మూలనూ నడుముతో రుద్దుతుంది, మూత్రం మునుపటికంటే ఎక్కువ చోట్ల పోస్తుంది. శుభ్రం ఎక్కువైన కొద్దీ వాసన ఎక్కువైందని చాలామంది చెప్పేది ఇందుకే.

ఇంకొకటి అడగాలి. అది ఆడదా, మగదా? దుకాణంలో కలిపి ఉంచిన ఆడది కొన్న వారం పది రోజుల్లో ఈనడం అరుదు కాదు, సిరియన్ జాతికి గర్భం 16 రోజులే. పిల్లలు కనిపిస్తే రెండు వారాలు బెడ్డింగ్ జోలికి పోవద్దు, గూడు కదిలిస్తే తల్లి పిల్లలను తినేయవచ్చు.

కాకినాడ_అమ్మ:

మగదేనని నిన్న వైద్యుడు చూసి చెప్పారు. కంటికి చుక్కలు ఇచ్చారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. టిష్యూ వేసిన రెండో రోజు నుంచి తుమ్ములు తగ్గాయి.

కాకినాడ_అమ్మ:

పదహారు రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను. మావారు ఎవరి ఇంట్లోనో మూలపడి ఉన్న మూడడుగుల చేపల తొట్టెను తెచ్చారు, ఒక మూల గాజు బీటవారినందున చవకగా ఇచ్చారట, లోపలి వైపు అంచు తగలకుండా అతికించాము. పైన ఇనుప జాలీ మూత చేయించాము. కాగితపు బెడ్డింగ్ ఒక పెద్ద మూట కొని లోతైన పక్కకు వాడాను, రెండో పక్కకు బెజవాడ_ప్రెస్ గారి పద్ధతిలో ఇంట్లో చేసినది వేశాను. మేడ మీద ఆరవేసిన కాగితం చూసి పక్కింటివారు అప్పడాలా అని అడిగారు.

తొట్టెలోకి దింపిన రోజు అది ఒక్కసారి చుట్టూ తిరిగి, లోతు పక్కన తల దూర్చి మాయమైంది. మూడు రోజులు కంటికి కనిపించలేదు. చచ్చిపోయిందేమోనని మా అబ్బాయి ఏడ్చాడు, కానీ పొద్దున లేచేసరికి గిన్నెలో గింజలు తగ్గుతూనే ఉన్నాయి. నాలుగో రాత్రి గాజు పక్కన చూస్తే సొరంగం, దాని చివర టిష్యూ పేలికలతో గుండ్రని గది, అందులో ముడుచుకుని పడుకున్న వీపు కనిపించాయి. ఊచలు లేవు కాబట్టి కొరకడం లేదు అనుకుందామంటే, జాలీ మూత అందుతున్నా దాని జోలికీ పోవడం లేదు. చక్రం తిప్పడం కూడా తగ్గించింది, అది మంచిదే అనుకుంటున్నాను.

ఆ గది కనిపించే గాజు మీద మా అబ్బాయి నల్ల అట్ట అతికించాడు, పగలు వెలుతురు పడకూడదని. దానివల్ల గాలి ఏమైనా ఆగుతుందా?

పశువైద్య_విద్యార్థి:

గాలి పై జాలీ నుంచి వస్తుంది కాబట్టి అట్ట వల్ల ఇబ్బంది లేదు. మీ అబ్బాయి చేసినది సరైన పనే. అతికించిన అంచును ఒక పక్క మాత్రం వదులుగా ఉంచమనండి, అడుగున చెమ్మ పట్టిందేమో చూసుకోవడానికి రెండు రోజులకొకసారి తెరవవలసి ఉంటుంది.